బెదురు కుక్క ఇతర కుక్కలపై తిరుగబడుట – దానిని సరిదిద్దు విధము

వేరుశనగలో ఊడలు దిగి కాయ ఊరు సమయమున చేనికి కావలి ఎంత అవసరమో రైతు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క రాత్రి ఏమరినచో అడవిపందులు సాలు వెంబడి సాలు త్రవ్వివేయును. కంచె యున్నను, దీపమున్నను, మంచెమీద మనిషి యున్నను, క్రింద ఒక మంచి కుక్క యున్న ధైర్యమే వేరు. అనంతపురం జిల్లాలో నేను పనిచేసిన ఒక గ్రామమున ఒక రైతుకు ఇట్టి కుక్క యుండెను. ఎర్రని మగకుక్క, మూడేండ్లది. పంది అలికిడి అయినచో అవతలి గట్టునుండియే పసిగట్టి మొరిగెడిది. మనుష్యుల జోలికి పోయెడిది కాదు. కాని మరొక కుక్క కంటబడినచో దానికి ఒళ్లు తెలియదు. గొలుసు తెగునంతగా గుంజి, నురుగులు గ్రక్కుచు మీదపడెడిది.

ఆ రైతు ఏటేట కోత అయిన పిమ్మట చేనిలో గొర్రెలమంద పెట్టించుకొనెడివాడు. మంద పెట్టిన చేనికి ఎంత బలము వచ్చునో మెట్టరైతులకు అనుభవమే. ఒక ఏడు మంద చేనిలో దిగుచుండగా ఈ కుక్క గొలుసు తప్పించుకొని గొర్రెలకాపరుల కుక్కపై పడి చెవి చీల్చినది. విడదీయబోయిన కాపరి పిల్లవాని చేతికి గాయమైనది. ఆ కరచినది ఏ కుక్కయో కూడ తెలియలేదు. కాపరులు మందను మళ్లించుకొని వేరొకరి చేనికి పోయిరి.

నేను ఆ వారమున గ్రామమునకు పోయినప్పుడు రైతు నన్ను ఆపి అడిగినాడు: “ఏంజేసేది సార్ దీన్ని? కొట్టి చూస్తిమి, మెడకు గుది కట్టి చూస్తిమి. దినదినానికీ ఎక్కువైతాండాది గానీ తగ్గల్యా. గొర్లోళ్లు మంద పెట్టమంటాండారు. యాడన్నా అడివిలో ఇడిసిపెట్టి వస్తే పీడ పోతాదనుకుంటాండా.”

నేను పశువైద్యుడను కాను. ఎకరాకు జిప్సం ఎంత వేయవలెనని అడిగిన చెప్పగలను గాని, ఈ ప్రశ్నకు ఆనాడు నాయొద్ద జవాబు లేకపోయెను. అడవిలో విడిచివచ్చుట మాత్రము తగదని చెప్పితిని. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును దిక్కులేకుండ విడుచుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. అదియు గాక, చేని కావలికి అలవాటుపడిన కుక్కను పోగొట్టుకొనినచో నష్టము రైతుకే. పశువైద్యాధికారిని వెంటబెట్టుకొని మరల పోయి, ఆయన చెప్పిన పద్ధతిని ఆ రైతుచేత మూడు నెలలు చేయించితిని. ఆ పని వివరమే ఈ వ్యాసము.

కోపము కాదు, భయము

పశువైద్యాధికారి మొదట కుక్కను ముట్టలేదు. దూరముగా నిలిచి, వీధిలో మరొక కుక్క పోవుచున్నప్పుడు ఇది ఏమి చేయునో చూచినారు. మేమందరము దాని మొరుగుడునే వినుచుంటిమి. ఆయన దాని ఒడలిని చూడుమనిరి. ఆ కుక్క మొరగుటకు ముందే నోరు బిగించి బిగుసుకొనిపోయెను. చెవులు వెనుకకు వాలెను. తోక కాళ్లనడుమకు దిగెను. కంటి తెల్లగ్రుడ్డు కనబడెను. రెండుమార్లు పెదవులు నాకుకొని, నిద్ర రాకున్నను ఒకమారు ఆవులించెను. ఆ తరువాతనే వెన్నుమీది వెంట్రుకలు నిక్కబొడిచి మొరుగుట ఆరంభించెను. మొరుగునప్పుడు కూడ బరువంతయు వెనుకకాళ్లమీదనే యుండెను. ఒక అడుగు ముందుకు ఉరికి, రెండడుగులు వెనుకకు జరుగుచుండెను.

ఇది వేటకుక్క తీరు కాదు, బెదరిన కుక్క తీరు. “నీవు దూరముగా పొమ్ము” అనుటయే ఆ మొరుగుడుకు అర్థము.

కారణము రైతే చెప్పినాడు. నాలుగు నెలల కూనగా నున్నప్పుడు వాకిట కట్టివేసి యుండగా ఊరికుక్కలు గుంపుగా వచ్చి దీనిని కరచినవి. పారిపోవుటకు వీలులేక కట్టుకొయ్యచుట్టు తిరిగినదట. నాటినుండియే ఈ గుణము. అన్ని కుక్కలకు ఇట్టి సంఘటన ఉండవలెననియు లేదు. చిన్నతనమున ఇతర కుక్కలను చూడక ఒంటరిగా పెరిగినది కూడ ఇట్లే తయారు కావచ్చును.

ఆ భయము మూడేండ్లు అట్లే ఎందుకు నిలిచినదన్నది ఆలోచింపదగిన విషయము. వీధిలో ఒక కుక్క వచ్చును, ఇది మొరుగును, ఆ కుక్క తన దారిని తాను పోవును. అది పోవుట సహజమే గాని, మన కుక్క తాను మొరిగినందుననే పోయినదని నేర్చుకొనును. దినమునకు పదిమార్లు ఈ పాఠము జరుగుచుండగా మొరుగుడు తగ్గుట ఎట్లు?

గొలుసు ఈ గుణమును మరింత పెంచును. విడిగా నున్న కుక్కకు భయము వేసినచో పారిపోవచ్చును, ప్రక్కగా చుట్టు తిరిగి పోవచ్చును, కదలక నిలువవచ్చును. కట్టివేసిన దానికి మిగిలిన ఉపాయము ఒక్కటే. మరొక కుక్క కనబడగనే మనము భయపడి త్రాడు బిగించి గుంజుదుము. అప్పుడు మెడ నొక్కుకొనిపోవును; కుక్క కనబడిన ప్రతిమారు మెడకు నొప్పి యని అది లెక్క కట్టుకొనును.

కొట్టుట వలన కలుగు ఫలితమును ఇట్లే గ్రహింపవచ్చును. ఎదుట కుక్క, వీపున దెబ్బ, రెండును ఒకేమారు తగులును. దెబ్బ రైతు చేతినుండి వచ్చినను కుక్క దానిని ఎదుటి కుక్కకు ముడిపెట్టుకొనును. ఇంకొక చిక్కు కూడ గలదు. గుర్రుమన్నందుకు కొట్టగా కొట్టగా కొన్ని కుక్కలు గుర్రుమనుట మానివేయును. యజమాని బాగుపడినదని సంతోషించును. లోని భయము మాత్రము అట్లే యుండును. ఒకనాడు హెచ్చరిక లేకుండనే కరచును. గుర్రుమను కుక్కకంటె ఇట్టి కుక్కయే ప్రమాదము.

మెడకు గుది కట్టుట మన పల్లెలలో పాత అలవాటు. అది కుక్క పరుగును తగ్గించునేమో గాని, పారిపోలేనని దానికి నిశ్చయము కలిగించును గనుక బెదురు హెచ్చును. ఆ గుదిని ఆ దినమే తీయించితిమి.

ముందుగా చూడవలసినవి

ఏ శిక్షణకైనను ముందు పశువైద్యునిచేత కుక్కను పరీక్ష చేయించవలెను. చెవిలో చీము, పిడుదులు, పురుగు పట్టిన పుండు, కీళ్లనొప్పి యున్న కుక్క దగ్గరకు మరొకటి వచ్చినచో తిరుగబడుట వింత కాదు. ఎర్ర కుక్క రెండు చెవులలోను పుండ్లు ఉండెను. అవి మానువరకు పది దినములు మేము మరేమియు చేయలేదు.

ఎన్నడును లేనిది హఠాత్తుగా గుణము మారి, కనబడినదానినెల్ల కరచుచు, గొంతు మారి, చొంగ కార్చుచు, నీరు మ్రింగలేకయున్న కుక్క సంగతి పూర్తిగా వేరు. క్రింది దవడ వ్రేలాడుచు మూలన మందముగా పడియుండు కుక్క విషయమును అంతే. అది పిచ్చికుక్క కావచ్చును. నోటిలో ఎముక ఇరికినదేమోయని వ్రేలు పెట్టి చూడరాదు. దగ్గరకు పోక, పిల్లలను పశువులను దూరముగా నుంచి పశువైద్యశాలకు తెలుపవలెను.

కుక్కకు పిచ్చివ్యాధి టీకా మూడు నెలల వయస్సున వేయించి, వైద్యుడు చెప్పినట్లు మరల వేయించి, ఆపై ఏటేట వేయించవలెను. జూలై 6న, సెప్టెంబరు 28న పలు ప్రభుత్వ పశువైద్యశాలలలో ఈ టీకాలు ఉచితముగా వేయుదురు. తిరుగబడు గుణముగల కుక్కను టీకా లేకుండ ఉంచుట తన ఇంటికే గాక ఊరికంతటికి అపాయము.

కాపరి పిల్లవాని చేతికి వాండ్లు పసుపును సున్నమును పట్టించి యుండిరి. అట్లు చేయరాదు. కుక్క కరచినను, గోరు గీచినను వెంటనే ధారగా పడు నీటిక్రింద సబ్బుతో 15 నిమిషములు కడిగి, కట్టు కట్టక, అదే దినమున ఆసుపత్రికి పోవలెను. గాయమునుండి రక్తము వచ్చినచో టీకాతో పాటు గాయమునందే వేయు మందు కూడ అవసరమగును. టీకాలు ఒక్కటితో తీరవు. వైద్యుడు వ్రాసిచ్చిన దినములకు తప్పక అన్నియు వేయించవలెను. పిచ్చివ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట మనిషిని బ్రతికించుట దాదాపు అసాధ్యము. ఆ పిల్లవానిని మరునాడైనను తీసుకొనిపోయిరి గనుక సరిపోయినది.

కోడెను మరపినట్లు

పద్ధతి రైతులకు క్రొత్త కాదు. కోడెను సేద్యమునకు మరపునప్పుడు మొదటి దినమే నిండుబండికి కట్టము. ముసలి ఎద్దు ప్రక్కన ఉత్త కాడి పెట్టి నడిపింతుము. పిమ్మట ఒక దుంగ లాగింతుము. అది బెదరకున్న తరువాతనే మడక. బస్సుకు బెదరు ఎద్దును బస్సు ప్రక్కన నిలిపి కొట్టు రైతును నేను చూడలేదు. కుక్క విషయమున మాత్రము అదే పని చేయుదుము.

దీనికి శాస్త్రాధారము కూడ గలదు. రష్యా దేశపు శాస్త్రవేత్త పావ్లోవ్ జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందినారు. మేత వచ్చుటకు ముందు ప్రతిమారు ఒక గుర్తు చూపినచో, కొన్నాళ్లకు ఆ గుర్తుకే కుక్క నోట నీరూరునని చూపినవారు ఆయనయే. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను ఆమె కుందేలుకు భయపడు మూడేండ్లలోపు పిల్లవానికి ఇష్టమైన తిండి పెట్టుచు, కుందేలును మొదట దూరమున నుంచి, దినదినము కొంచెము కొంచెముగా దగ్గరకు తెచ్చి భయము పోగొట్టినది. కుక్కకు చేయునది ఇదియే.

ఇందులో ముఖ్యమైనది దూరము. ప్రతి బెదురు కుక్కకు ఒక హద్దు ఉండును. ఆ హద్దుకు అవతల మరొక కుక్కను చూచినను, చూచి ఊరకుండును, చేతిలోనిది తినును. హద్దు దాటి దగ్గరకు వచ్చినచో ఇక తినదు, వినదు. మా ఎర్ర కుక్కకు హద్దు సుమారు 70 గజములు. తిండి తీసుకొనక పోవుటయే హద్దు దాటినామనుటకు గుర్తు. అంతవరకు నెమ్మదిగా తీసుకొనుచు, హఠాత్తుగా వ్రేళ్లు కొరుకునట్లు లాగుకొనినను దగ్గరకు వచ్చినామని తెలియవలెను.

తిండి ప్రతిదినము పెట్టు సంగటి కారాదు. ఉడికించిన కోడికారిజము గాని, గుడ్డు గాని, ఉప్పులేని మాంసపు ముక్కలు గాని శనగగింజంత తుంచి యుంచుకొనవలెను. ఉల్లిపాయ వేసి వండినది పనికిరాదు. ఉల్లి కుక్క రక్తమునకు చెరుపు. ఈ తిండి శిక్షణ సమయమునందే గాని ఇతరవేళల పెట్టరాదు. మాంసము ముట్టని ఇండ్లలో జున్నుముక్కలు వాడిచూచిన రైతులు గలరు.

రెండవ కుక్కగా కాపరుల మందలోని ఒక ముసలి ఆడకుక్కను అడిగితిమి. అది దేనికిని ఉలకదు పలకదు. మొదట వాండ్లు ఒప్పుకొనలేదు. రైతు ఒక తట్టెడు శనక్కాయలు ఇచ్చిన పిమ్మట ఒప్పుకొనిరి.

ప్రొద్దుననే చల్లని వేళ, ఊరికుక్కలు తిరుగని బీడులో, ముసలి కుక్కను కాపరి పిల్లవాడు పొద చాటున పట్టుకొని నిలుచును. రైతు తన కుక్కతో 70 గజముల దూరమున నిలుచును. మెడపట్టీకి బదులు ఛాతీచుట్టు వచ్చు పట్టీ వేసి, 3 గజముల త్రాడు వదులుగా పట్టుకొనవలెను. ముసలి కుక్క పొద చాటునుండి కనబడవలెను. మన కుక్క దానిని చూడవలెను. చూచిన తరువాతనే ముక్క పెట్టవలెను. అది కనబడునంతసేపు ముక్క వెంట ముక్క. అది మరల చాటునకు పోగనే తిండి నిలిపివేయవలెను. ఈ వరుస తప్పరాదు. ముందు తిండి చూపి పిమ్మట కుక్కను చూపినచో, తిండి కనబడగనే “ఏదో వచ్చుచున్నది” అని బెదరుట నేర్చుకొనును. మా రైతు మొదటి రెండు దినములు ఈ పొరపాటే చేసినాడు.

ఒక్కొక్కమారు 5 నిమిషములు చాలును. దినమునకు ఒకటి రెండుమార్లకంటె వలదు. కొన్ని దినములకు ఒక విశేషము కనబడును. అవతలి కుక్క కనబడగనే మన కుక్క దానిని చూచి, వెంటనే మెడ త్రిప్పి “నా ముక్క ఏది?” అన్నట్లు మన ముఖము చూచును. ఎర్ర కుక్క తొమ్మిదవ దినమున ఇట్లు చూచినది. రైతు నవ్వినది ఆ వ్యవహారము మొదలైన తరువాత అదే మొదటిసారి. వరుసగా రెండుమూడు దినములు ఇట్లు చూచినచో నాలుగైదు గజములు దగ్గరకు జరుగవచ్చును. మొరిగినచో కొట్టక, తిట్టక, నెమ్మదిగా వెనుకకు మళ్లి, మరునాడు పది గజములు ఎక్కువ దూరమున ఆరంభింపవలెను.

నెల తిరుగునప్పటికి 40 గజములకు వచ్చితిమి. అంతలో ఒకనాడు రెండు ఊరికుక్కలు గట్టుమీదినుండి హఠాత్తుగా మీదికి వచ్చినవి. చేసిన పని సగము పోయినది. మరల 60 గజములకు పోవలసి వచ్చెను. ఇట్టి ఎదురుదెబ్బ ప్రతివారికిని తగులును. చాలమంది అక్కడనే విడిచిపెట్టుదురు. నడుమ దినములలో కుక్కకు ఎట్టి కలయికయు తటస్థింపకుండ కాపాడుట శిక్షణలో సగభాగము. వీధివైపు తడిక కట్టి చూపు తప్పించుట, కట్టు వాకిటినుండి పెరటికి మార్చుట, వ్యాహ్యాళికి జనసంచారము లేని వేళ తీసుకొనిపోవుట చేసితిమి.

దగ్గరకు వచ్చిన పిమ్మట రెండు కుక్కలను ముఖాముఖి నిలుపరాదు. నడుమ దూరముంచి రెండింటిని ఒకే దిక్కుగా, కాడెద్దులవలె, ప్రక్కప్రక్కన నడిపింపవలెను. ఈ దశలో మూతికి చిక్కము వేయుట మంచిది. అది నోరు తెరచి రొప్పుటకు, నీరు త్రాగుటకు వీలుగా బుట్టవలె నుండవలెను. గుడ్డతో మూతి బిగించి కట్టరాదు. కుక్క నోటితో రొప్పియే ఒడలి వేడిని తగ్గించుకొనును. మన ఎండలలో మూతి కట్టిన కుక్క ప్రాణమునకే ముప్పు.

పోట్లాట జరిగినప్పుడు నడుమ చేయి పెట్టువాడే ఎక్కువగా కరపించుకొనును. బిందెడు నీరు ముఖములపై కుమ్మరించుట, తడికగాని పలకగాని నడుమ దూర్చుట, గోనెసంచి కప్పుట మేలు.

కూనలు, ఊరికుక్కలు

కూనకు మూడవ వారమునుండి సుమారు పండ్రెండు పదునాలుగు వారముల వరకు లోకమును చూచి నేర్చుకొను కాలము. 1961లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అను పరిశోధకులు కూనలను కంచె వేసిన పొలములో మనిషి పొడ లేకుండ పెంచి చూచిరి. పదునాలుగు వారములు మనిషిని ఎరుగని కూనలు అటుపిమ్మట మనిషికి దాదాపు అడవిజంతువులవలె బెదరెను. ఇతర కుక్కల విషయమును ఇట్టిదే. కావున ఆ వయస్సున కూనను చంకన వేసుకొని కళ్లమునకు, సంతకు త్రిప్పి, టీకాలు వేయించిన నెమ్మదిగల కుక్కలను చూపుచుండవలెను. కట్టుకొయ్యకు కట్టి వాకిట ఒంటరిగా వదలరాదు.

గ్రామాధికారులకు ఒక మనవి. చిత్తకార్తెలో, అనగా అక్టోబరు నడుమ, ఎదకు వచ్చిన కుక్కల వెంట గుంపులు తిరుగుటచే పోట్లాటలు హెచ్చును. ఆ దినములలో మేము శిక్షణ నిలిపివేసితిమి. ఈ గుంపులకు విషము పెట్టుట చట్టవిరుద్ధము. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము ఊరికుక్కలకు శస్త్రచికిత్స, టీకా చేయించి పట్టినచోటనే వదలు ఏర్పాటు స్థానిక సంస్థల బాధ్యత. పెంపుడు మగకుక్కకు శస్త్రచికిత్స చేయించినచో ఎదకుక్కల వెంట తిరుగుట తగ్గును. భయమును మాత్రము అది ఒక్కటే మాన్పదు.

మూడవ నెల ముగియునప్పటికి ఎర్ర కుక్క, ముసలి కుక్కకు 15 గజముల దూరమున పండుకొని ముక్కకై ఎదురుచూచు స్థితికి వచ్చెను. ఆ ఏడు కోత అయిన పిమ్మట కాపరులు వచ్చి చేనిలో మూడు రాత్రులు మంద పెట్టిరి. కుక్కను మంచె క్రింద, మందకు 40 గజముల ఎడమున, పొడవైన త్రాటితో కట్టి యుంచిరి. మొదటి రాత్రి రెండుమార్లు మొరిగెనట. ఎదురింటి నల్లకుక్కతో మాత్రము దానికి నేటికిని పడదు. అది వీధిలో తిరుగు వేళకు రైతు దీనిని పెరటిలోనికి తోలి తడిక వేయును.